కత్తి లేని బొమ్మ

ఆళ్లగడ్డ దాటి బండి మళ్లీ వేగం అందుకోగానే హనుమేష్ జేబులో ఫోన్ వణికింది. నాగలత తన వంతు ఆడేసినట్టుంది. ఆ మాట అనుకోవడంతోనే అతనికి లోపలెక్కడో చల్లగా అనిపించింది. పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయి ఒక పంటకాలం గడిచింది. ఫోన్ చేస్తే ఎత్తదు, మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటుంది, కానీ ఇద్దరూ ఫోన్లలో ఆడుకునే యుద్ధం ఆట మాత్రం ఆపలేదు. తను ఒక వంతు ఆడి పంపితే పూట తిరక్కుండా ఆమె వంతు వచ్చేస్తుంది. మాట్లాడని మనిషి ఆడుతోందంటే అర్థమేమిటి, కోపం పైపైనే ఉందని కాదూ, అని తనకు తానే చెప్పుకుని ఇన్నాళ్లూ అన్నం తిన్నాడు, అంగడి తెరిచాడు, ఊళ్లోవాళ్ల పగిలిన ఫోన్లకు అద్దాలు మార్చాడు. ఈ రోజుతో అలా చెప్పుకునే అవసరం కూడా తీరిపోతుంది. తుఫాన్ బండి బాడుగకు మాట్లాడి, పెద్దమనుషుల్ని ఎక్కించుకుని, పొద్దు పొడవక ముందే ఎమ్మిగనూరులో బయల్దేరాడు. మైదుకూరు ఇంకో గంట. దాని అవతలే ఆమె ఊరు. పంచాయితీలో నాలుగు మాటలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి ఇదే సీటులో తన పక్కన నాగలత. ఇందులో తప్పిపోయేదేమీ అతనికి కనిపించలేదు.

మొగుడూపెళ్లాల తగువు పంచాయితీకి వస్తే ఎవరు ఒప్పు ఎవరు తప్పు అని ఎవరూ చూడరు, ఎవరి పక్క ఎంతమంది గట్టిగా కూర్చున్నారో చూస్తారు. ఈ సంగతి హనుమేష్‌కు బాగా తెలుసు, అందుకే ఆటలో సైన్యం కూర్చుకున్నట్టే మనుషుల్ని కూర్చుకున్నాడు. ఇటు పక్కన ఒళ్లో బొరుగుల పొట్లం పెట్టుకుని కూర్చున్నది మేనమామ నరసన్న. న్యాయం సంగతి దేవుడెరుగు, ఆయన గొంతెత్తితే వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. ఎదురు సీటులో కళ్లు మూసుకున్నది చీరల వ్యాపారి కంబన్న. నూలిచ్చి నేయించుకునే మనిషి, ఎమ్మిగనూరులో సగం మగ్గాలు ఆయన మాట మీద ఆడతాయి. ఆయన పక్కన కిటికీ దగ్గర వీరభద్ర. చిన్ననాటి స్నేహితుడు, బళ్లో పంతులు, ఎదుటివాడి మాటతోనే ఎదుటివాణ్ణి కట్టేయగలడు. ముందు డ్రైవరు పక్కన అమ్మ, హులిగెమ్మ. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ఆమెను ఎప్పుడూ ముందే కూర్చోబెడతారు. ఆమె మాట్లాడకపోయినా ఫరవాలేదు, అత్త స్వయంగా గడప తొక్కి రమ్మంటే ఏ కోడలు రానంటుంది. గొంతు, పరపతి, తెలివి, కన్నీళ్లు. నాలుగు దళాలూ బండిలోనే ఉన్నాయి.

ఫోన్ తెరిచాడు. తెరవగానే ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాడు. వేరే ఎవరి ఆటో తెరుచుకుందేమో. మూసి మళ్లీ తెరిచాడు. అదే పటం, అదే నది, అవే కొండలు. ఉత్తరపు కోట మీద ఎగరాల్సిన తన ఎర్రజెండా లేదు, ఆమె పసుపుజెండా ఉంది. నది ఒడ్డున కాపలా ఉన్న గుర్రపు దళం మీదా పసుపే. కనుమలో దాచిపెట్టిన దళం, ఎవరికీ తెలియదనుకున్న దళం, దాని మీదా పసుపే. యుద్ధం జరగలేదు. ఒక్క మనిషి చావలేదు. ఒక్క వంతులో, ఒక్క పూటలో మూడు సైన్యాలు నిలబడ్డ చోటే నిలబడి జెండా మార్చేశాయి. ప్రతి దళం పక్కనా ఒక చిన్న బొమ్మ, పొడవాటి అంగీ, చేతిలో చుట్టిన కాగితం. రాయబారి. ఎన్ని వారాల నుంచి నడిపిస్తోందో ఆ బొమ్మల్ని, అడవుల వెంట, ఊళ్ల పక్కగా, తన కళ్ల ముందే. అవి తనకు కనపడుతూనే ఉన్నాయి. కత్తి లేని బొమ్మ ఏం చేస్తుందిలే అని పట్టించుకోలేదు. పటం మధ్యలో రాజధానిలో అతని రాజు ఒక్కడే ఎర్రగా ఉన్నాడు.

ఆ ఆట ఆమెకు నేర్పింది తనే. పెళ్లయిన ఏడాది ముసురు పట్టి గుంత మగ్గంలోకి నీళ్లు ఊరాయి. గుంతలో కాళ్లు పెట్టి తొక్కితే కదా చీర, నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఎట్లా నేస్తారు, నాలుగు రోజులు నాగలతకు పని లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇవి గుర్రాలు, ఇవి ఏనుగులు, నువ్వొకసారి ఆడితే నేనొకసారి ఆడాలి, ఎదుటి మనిషి వంతు అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి అని చెప్తూ ఉంటే అన్నీ విని, ఈ కత్తి లేనాయన ఎవరు అని అడిగింది. వాడు రాయబారి, ఎదుటివాళ్ల సైన్యానికి లంచమిచ్చి తిప్పుకునేదానికి, వాణ్ణి మొగోళ్లెవరూ వాడరు అన్నాడు తను. ఆమె మొదటి వంతులోనే వాణ్ణి బయటికి పంపింది. రాజుకు దూరంగా పడేసి, రాజు ఎన్నాళ్లుగానో తొంగి చూడని దళాలు ఎక్కడున్నాయో వెతికి మరీ పంపింది. అలాంటి దళాలు ఆ ఆటలో చవగ్గా వస్తాయి. సిగ్గులేదా నీకు, లంచాలు పెట్టి గెలిచేది గెలుపేనా అని వెక్కిరిస్తే నవ్వింది. లంచమని ఎందుకంటావు, పిలిచినానని అను, పిలిస్తే వచ్చినారు, అంది. వానకు తడిసిన నూలు వాసన, అమ్మ రాట్నం చప్పుడు, ఆమె మోకాలు తన మోకాలికి తగులుతూ. ఆ రోజు ఓడిపోయి కూడా సంతోషంగా ఉన్నాడు. అప్పట్లో సరదాకి తన సేనానులకు ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టుకున్నాడు, అవే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఉత్తరపు కోట సేనాని పేరు నరసన్న.

అది గుర్తొచ్చి నవ్వొచ్చింది. బండిలో ఎవరూ మాట్లాడటం లేదు, నంద్యాల నుంచి ఇదే వరస, దారి పొడుగూతా పెళ్లికి పోతున్నట్టు కాకుండా చావుకు పోతున్నట్టు కూర్చున్నారు. కాస్త నవ్విద్దామని ఫోన్ మామ మొహం ముందు పెట్టాడు.

“మామా, నువ్వు అమ్ముడుపోయినావు సూడు.”

నరసన్న చేతిలోని బొరుగులు నోటిదాకా వెళ్లలేదు. ఫోన్ వైపు చూడనే లేదు ఆయన. అల్లుడి మొహం చూశాడు, కంబన్న మొహం చూశాడు, మళ్లీ అల్లుడి మొహం చూశాడు.

“నీకెవరు చెప్పినారప్పా?”

హనుమేష్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మొహం నవ్వు ఆపుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఏమిటి చెప్పేది, ఎవరు చెప్పేది, మామ ఆటలోకి ఎప్పుడొచ్చాడు. కంబన్న కళ్లు తెరవకుండానే దగ్గాడు. “చెప్పెయ్ నరసన్నా. ఇంగ గంటలో ఎట్లైనా తెలిసేదే గదా,” అన్నాడు.

“అమ్ముడుపోయేదేముండాది అల్లుడూ, దుడ్లు గిడ్లు ఏమీ లేవు. ఆ పాప మొన్న బేస్తవారం ఇంటికొచ్చినాది. మీ అత్తకు బొట్టు పెట్టినాది. మామా, ఆదివారం మా ఇంటికి భోజనానికి రావల్ల అని పిలిచినాది. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే పోకుండా ఎట్లుంటాము?”

“నేను పిలవలేదా నిన్ను?”

“నువ్వు వాట్సాప్ పెడితివి గదప్పా. బండి ఐదింటికి వస్తాది, రెడీగుండండి అని.”

పెట్టాడు. నిజమే. గ్రూపు చేసి మరీ పెట్టాడు. బేస్తవారం తను అంగట్లో ఉన్నాడు, ఎవరిదో నీళ్లలో పడ్డ ఫోన్ విప్పుతూ మెడ వంచుకుని కూర్చున్నాడు, ఆ సమయంలో అంగడికి రెండు వీధుల అవతల నాగలత కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తన ఊళ్లో, తన మనుషుల ఇళ్లకు. ఊరంతా చూసి ఉంటుంది, టీ కొట్టు వాడు చూసి ఉంటాడు, సాయంత్రం తనకు టీ ఇస్తూ ఏమీ తెలియనట్టు వాన పడేలా ఉందన్నాడు కదా వాడు. మరి వీళ్లంతా ఈ బండిలో ఎందుకు ఎక్కినట్టు, అని అడగబోయి ఆగిపోయాడు. ఎందుకేమిటి. పిలిచిన ఇంటికి భోజనానికి పోతున్నారు. బాడుగ తనది. ఆమె పిలిచిన చుట్టాల్ని దగ్గరుండి బండి కట్టించి ఆమె గుమ్మంలో దించడానికి పోతున్నాడు తను.

“కంబన్నా, నువ్వన్నా...”

“నా మాట యాడుండాదప్పా. ఆయమ్మ అన్నం తిని, ఆయమ్మకు ఎదురు మాట్లాడేకి నోరెట్లొస్తాది?” కంబన్న ఇప్పుడు కళ్లు తెరిచాడు. కోపంగా లేడు, అదే భయంగా ఉంది. “ఇంగో మాట గూడా చెప్తా, మనసులో పెట్టుకోవద్దు. నువ్వు గుంత పూడ్చిన నాడు మగ్గం మింద ఉన్న చీర నాది. సగం నేసిన చీరను కోసి చుట్ట చుట్టి, మనిషితో పంపిస్తివి. ఆయమ్మ వాళ్ల ఊరికి పొయినంక నాకు ఫోన్ చేసినాది. అన్నా, ఆ నూలు నాకు ఈడికి పంపియ్యి, మొదలు నుంచి నేసిస్తా అనినాది. నేసిచ్చినాది గూడా. అప్పట్నుంచీ నాకే నేస్తాండాది.”

చాగలమర్రి వచ్చింది, బండి నెమ్మదించింది, ఎవరో ఉల్లిపాయల బస్తాలు లారీకి ఎక్కిస్తున్నారు, ఒక బస్తా పిగిలి రోడ్డు మీద పాయలు దొర్లుతున్నాయి, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఇదంతా జరుగుతూనే ఉంది, హనుమేష్ చెవుల్లో మాత్రం ఒకటే మాట. కోసి. అవును, కోయించాడు. ఆమె పిన్ని కూతురి పెళ్లికని వెళ్లినప్పుడు. మేస్త్రీ ఉన్నాడు, ఇసుక చవగ్గా దొరికింది, నాలుగు రోజుల్లో అయిపోయే పని. ముందుగదిలో మగ్గం విప్పించి, గుంతలో ఇసుక పోయించి, పైన కాంక్రీటు, దాని పైన మొహం కనపడే నున్నటి బండలు, గోడకు సోఫా. ఆమె కాళ్లు నొప్పులు పోతాయని కదా చేసింది. తన పెళ్లాం గుంతలో దిగి కూర్చునే బతుకు ఇంకా ఎందుకని కదా. ఆమె వచ్చి గడపలో చెప్పులు విడిచి, జారుతుందేమో అన్నట్టు మెల్లగా నడిచి, సరిగ్గా ఆ చోటు మీద నిలబడి, గుంత యాడ, అంది. తను నవ్వుతూ, బాగుందా, అన్నాడు. ఆమె బాగుందనీ అనలేదు బాగాలేదనీ అనలేదు. చీర సగంలో ఉండె గదా, అంది. మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కింది. పిచ్చిది, మొండిది, పుట్టింటివాళ్లు ఎక్కించి ఉంటారు, నాలుగు రోజులైతే అదే వస్తుంది అని అందరితోనూ అన్నాడు. అందరూ తల ఊపారు. ఆ ఊపిన తలలన్నీ ఇప్పుడు వరసగా కళ్ల ముందుకు వస్తున్నాయి.

వీరభద్ర ఇంకా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. అతని మెడ వెనక చిన్నప్పటి గాయం మచ్చ. తను విసిరిన గోటీబిళ్ల తగిలింది అక్కడ, రక్తం కారుతుంటే కూడా మా హనుమేష్ కొట్టలేదు సార్ అని అబద్ధం చెప్పినవాడు. వీడు మారడు. ప్రపంచమంతా జెండా మార్చినా వీడు మారడు.

“ఒరే భద్రా. మీ ఇంటికి గూడా వచ్చినాదా?”

“వచ్చినాదిరా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

వీరభద్ర అప్పుడు తిరిగాడు. “ఎందుకు పోయినాది అని నువ్వొక్కసారన్నా అడుగుతావేమో, చెప్దాము అని సూస్తాన్యా. నువ్వు ఎప్పుడు కలిసినా ఎట్ల తెప్పియ్యల్ల అనే అడిగితివి గానీ, ఆ మాట అడగకపోతివి.” మళ్లీ కిటికీ వైపు తిరిగి, “నువ్వు తింటాండావా లేదా అని మాత్రం ఆయమ్మ నన్ను అడుగుతాంటాది,” అన్నాడు.

హనుమేష్‌కు కోపం రావాలి. వస్తుందని ఎదురుచూశాడు. అరవాలి, బండి ఆపించాలి, దిగండి నా బండిలోంచి అనాలి. ఎడమ పక్క నల్లమల కొండలు బండితో పాటే వస్తున్నాయి, పసుపు తోటల్లో ఎవరో నీళ్లు కడుతున్నారు, ఎంత మామూలుగా ఉంది ఈ రోడ్డు. చేతిలో ఫోన్ వెలుగు తగ్గి నల్లబడింది. అందులో తన మొహమే కనపడింది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మామ, చీరల కంబన్న, భద్ర. పోతే పోయారు, పరాయివాళ్లు. మామ కూడా పెళ్లాం చెప్పినట్టు ఆడే మనిషి, ఆయన్ని లెక్కలోంచి తీసేస్తే సరి. ఇంకా అమ్మ ఉంది. నాగలత ఎవరినైనా పిలుచుకోనీ, అత్త ముందుకొచ్చి నా కొడుకింటికి రా తల్లీ అంటే, అప్పుడు ఎవరి గొంతు లేస్తుంది. అమ్మకు ఆ బండలు నచ్చాయి కూడా. బాగుండాది నాయనా అంది, వాటి మీద చెయ్యి పెట్టి చూసి. ఆ రాత్రి నుంచి పంచలో పడుకుంటోంది, బండలు చల్లగా తగులుతున్నాయని. రాట్నం అటక ఎక్కించమంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఏమీ అనలేదు అంటే ఇన్ని నెలల్లో నిజంగానే ఏమీ అనలేదు, అన్నం తిన్నావా నాయనా తప్ప. ఆ సంగతి ఇప్పటిదాకా తన బుర్రకు తట్టలేదే అని ముందు సీటు మీదుగా కనపడే నెరిసిన ముడి వైపు చూశాడు.

“అమ్మా.”

హులిగెమ్మ వెనక్కి తిరిగింది. నుదుట కుంకుమ. నాన్న పోయిన రోజు నుంచి విభూతి తప్ప మరొకటి ఎరగని నుదుటి మీద, రూపాయి బిళ్లంత కాకపోయినా, చిటికెనవేలు అద్దినంత ఎర్రటి బొట్టు. తెల్లవారుజామున చీకట్లో బండెక్కారు, అప్పటినుంచి వెనకనుంచే చూస్తూ వచ్చాడు. బండిలో మిగతా ముగ్గురికీ తెలిసినట్టే ఉంది, ఒక్కరూ తల ఎత్తలేదు.

“నన్ను గూడా పిలిచినాది,” అంది హులిగెమ్మ. “వద్దు తల్లీ, నాకెందుకు అన్యా. అందరి ఇండ్లల్లో పెట్టి నా ఇంట్లో పెట్టకపోతే ఎట్లత్తా అని పెట్టినాది. ఈ పొద్దు నా అంతట నేనే పెట్టుకున్యా.”

“అమ్మా, నువ్వు... నువ్వన్నా దాన్ని రమ్మని చెప్తావు గదా?”

“నేనెట్ల చెప్తా నాయనా. పొమ్మన్నిందే నేను.”

బండి గోతిలో పడి లేచింది. అందరూ ఎగిరి కూర్చున్నారు. హనుమేష్ ఎక్కడా పట్టుకోలేదు, తల పైరేకుకు తగిలింది, నొప్పి తెలియలేదు. ఏమంది అమ్మ. పొమ్మన్నిందే నేను. ఆ రోజు రాత్రి తను సోఫా మీద నిద్రపోతుంటే ఆ ఇద్దరూ పంచలో కూర్చుని మాట్లాడుకున్నారన్న మాట. తను నిద్రలో ఉండగా తన ఇల్లు జెండా మార్చుకుంది.

“ఆ గుంతలో నా కాళ్లు ఎన్నేండ్లు ఉండాయో నీకు తెలుసునా? నువ్వు కడుపులో ఉన్నప్పుడు గూడా దాంట్లోనే ఉండాయి. పూడ్చేముందు ఆయమ్మను అడగలేదు, సరే. నన్నన్నా అడిగితివా? మీ నాయన గూడా ఏదీ అడిగే మనిషి కాదు. నాకు పోయేకి యాడా ఇల్లు లేకపోయె, పడుంటి. ఆయమ్మకు ఉండాది, అందుకే పో తల్లీ అన్యా.” ఆమె గొంతు పెద్దది కాలేదు. ముందుకు తిరిగి అద్దంలోంచి రోడ్డు చూస్తూ, కూర ధర చెప్పినట్టు చెప్పింది. “నేను గూడా ఆడనే ఉంటా నాయనా. వాళ్లింట్లో రెండు మగ్గాలకు రాట్నం మింద నూలు కండెలు చుట్టే మనిషి లేదంట. నా చేతులు ఇంకా బాగనే ఉండాయి.”

మైదుకూరు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు. చిన్న ఊరు, సన్నటి వీధి, ముగ్గు వేసిన గుమ్మం, వీధిలో నీడ కోసం కట్టిన పరదా. ఎవరూ పంచాయితీకి కూర్చున్నట్టు లేరు. లోపల్నుంచి తాలింపు వాసన వచ్చింది. నరసన్న దిగాడు, కంబన్న దిగాడు, వీరభద్ర అమ్మ చెయ్యి పట్టుకుని దించాడు. పిలిచిన ఇంటికి వచ్చిన చుట్టాలు ఎలా దిగుతారో అలాగే కండువాలు సర్దుకుని, నవ్వుకుంటూ దిగారు. నాగలత గడప దాటి వచ్చి ఒక్కొక్కరికీ కాళ్లకు నీళ్లిచ్చింది. మామా రా, అన్నా రా, అత్తా మెల్లగా. కొంచెం చిక్కింది, వేళ్లకు నూలు రంగు అంటుకుని ఉంది, మొహంలో గెలిచినట్టు ఏమీ లేదు. అదే అతన్ని ఇంకా దెబ్బ తీసింది. గెలిచినట్టు కనపడితే కోపమన్నా వచ్చేది. అందరూ లోపలికి పోయాక చెంబు పట్టుకుని బండి దగ్గరికి వచ్చింది. అతను సీటులోంచి లేవలేదు.

“అందర్నీ పిలిచినావు,” అన్నాడు. “నన్నెందుకు పిలవలేదు?”

నాగలత బండి దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

“నువ్వు రాజువి గదా. ఆ ఆటలో ఎవరినైనా పిల్చుకోవచ్చు, రాజును పిల్చుకునేదానికి లేదు. సంపల్ల, లేదంటే ఒదిలేసిపోవల్ల.” చెంబు బండి మెట్టు మీద పెట్టింది. “సంపేదానికి నాకు శాతకాలేదు.”

ఇంకేమీ అనకుండా తిరిగి గడప దాటి లోపలికి వెళ్లిపోయింది. లోపల విస్తళ్లు పరుస్తున్న చప్పుడు, మామ పెద్ద గొంతుతో నవ్వు, ఎవరో హులిగెమ్మను లోపలి గదికి పిలవడం. హనుమేష్ అలాగే కూర్చున్నాడు. కాసేపటికి రాట్నం తిరగడం మొదలైంది. అన్నానికి ముందే కూర్చుందన్న మాట అమ్మ, పని మీద అంత ఆకలిగా ఉందన్న మాట.

డ్రైవరు బండి చుట్టూ తిరిగి టైర్లు చూసుకుని తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పాపం, అతనికి అతని చింత, వెనక్కి పోయేటప్పుడు సీట్లు ఖాళీగా ఉంటే నంద్యాల దాకా ఎవరినైనా ఎక్కించుకోవచ్చు.

“సాయంత్రం తిరిగి పోయేది ఎంతమందప్పా?”

హనుమేష్ లెక్కపెట్టబోయాడు. మామ వస్తాడు, కంబన్న వస్తాడు, భద్రకు రేపు బడి ఉంది. అమ్మ రాదు. నాగలత రాదు. అక్కడిదాకా వచ్చి వేళ్లు ఆగిపోయాయి. చెంబు అందుకుని, వంగి, కాళ్లు కడుక్కోవడానికి చెప్పులు విడిచాడు.

“నన్నైతే ఇప్పుడే లెక్కెయ్యొద్దప్పా,” అన్నాడు.